దక్షిణంగా అరవై నాలుగు మీటర్లు

"నేనే చంపాను. అలాగే రాసుకోండి," అంది నేజా.

ఇన్‌స్పెక్టర్ మార్యెతా కోబల్ కలం మూత తీయలేదు. గుహ వాకిట్లో రక్షణ దళం వేసుకున్న చెక్క గది అది. మూలన పొయ్యి, ఒక బల్ల, రెండు బెంచీలు, గోడకి చేతిపిడి తిప్పే పాత టెలిఫోను. ఆ ఫోను నుంచి నల్లటి తీగ కిటికీ సందులోంచి గుహలోకి పోతుంది. దాన్ని చుట్టి తెచ్చేయడానికి రెండు నెలలుగా ఎవరికీ చేతులు రాలేదు.

గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. రాజధాని నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గొరాజ్ద్ పిర్నాత్ బయట కారులో కూర్చున్నాడు. నాలుగింటికి అతను లోపలికొచ్చి బల్లమీది కాగితం మీద నేజా సంతకం తీసుకుంటాడు. నేజా ఒకోర్న్ అనే నేను, తప్పుడు పటం తయారుచేసి, తెలిసే లేనార్ట్ జూపిన్ చావుకి కారణమయ్యాను అని ఉంది అందులో. 'తెలిసే' అన్న ఒక్క మాటకి పదిహేనేళ్ళు.

"చంపానంటే పొరపాటున అనా, కావాలని అనా?" అడిగింది మార్యెతా.

"చచ్చిపోయినవాడికి ఏం తేడా?"

"నాకు తేడా ఉంది. ఆ బొమ్మ సంగతి ఇంకోసారి చెప్పు. లెక్కలు రాక బడి మానేసిన ముసలిదానికి చెప్పినట్టు చెప్పు."

నేజాకి ముప్పై ఏళ్ళు. రెండు నెలల్లో పది ఏళ్ళు మీదపడ్డట్టున్నాయి. థర్మాస్ మూతలో పోసిన టీ చేతిలోనే చల్లారిపోయింది. పొద్దున ఆమెను తన కారులో తీసుకొచ్చి, ఆ టీ పోసిచ్చి, "కాస్త నడిచొస్తానమ్మా" అని వెళ్ళింది వాళ్ళ మాస్టారు త్సిరిల్. ఈ జిల్లాలో నేల కింద నీళ్ళ గురించి ఎవరికి ఏం తెలిసినా అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

"గుహ ఎటు పోతుందో పైనుంచి కనపడదు," అంది నేజా. "అక్కడక్కడ బోర్లు వేస్తాం. ఇరవై మూడు ఉన్నాయి. ఇక్కడ రాయి, ఇక్కడ బోలు, అంతవరకే అవి చెబుతాయి. మధ్యలో ఏముందో తెలియాలంటే నమూనా బొమ్మ కావాలి. పక్క లోయలో మేం అడుగడుగూ కొలిచిన పాత గుహ ఉంది. దాని పటం కంప్యూటర్‌కి చూపిస్తాం. ఈ నేలలో గుహలు ఇలా వంపు తిరుగుతాయి, ఇలా చీలతాయి, ఇలా కలుస్తాయి, నేర్చుకో అని. ఒక చుక్కని పక్క చుక్కతో పోలిస్తే వంపు దొరకదండీ. చుట్టూ ఉన్న పాతిక ముప్పై చుక్కలు కలిసి ఎలా కూర్చున్నాయో చూస్తుంది అది. ఆ పొందిక పట్టుకుని, మా బోర్లని కదపకుండా, మధ్య ఖాళీలు నింపుతుంది. అలా వంద పటాలు గీస్తుంది. ఎక్కువ పటాల్లో బోలు ఎక్కడ పడితే అక్కడ తవ్వాలి."

"మరి తిప్పడం?"

"కంప్యూటర్ బొమ్మ వరసల్ని పైనుంచి లెక్కపెడుతుంది. మా పటం దక్షిణం నుంచి, అంటే కిందినుంచి మొదలవుతుంది. అందుకని బొమ్మని ముందు ఒకసారి తలకిందులు చేసి ఇవ్వాలి. మర్చిపోతే దక్షిణానికి వంగే దారులన్నీ ఉత్తరానికి వంగుతాయి. మా దగ్గర చేరిన ప్రతివాళ్ళూ ఒక్కసారైనా చేసే తప్పే ఇది. మాస్టారు ముప్పై ఏళ్ళుగా తిడుతూనే ఉన్నారు."

"తప్పయితే బోర్లతో తేడా రాదా?"

నేజా నవ్వినట్టు పెదవి విరిచింది. "అదేనండీ అన్యాయం. రాదు. బోర్ల దగ్గర అన్నీ నిజాలే చూపిస్తుంది. మధ్యలోనే అబద్ధం."

నవంబరు తొమ్మిదిన, నేజా ప్రేమించిన లేనార్ట్ ఇంతకుముందు ఎవరూ చూడని లోపలి హాలు చేరాడు, వెంట ఫోను తీగ లాక్కుంటూ. వెనకే వరద వచ్చి దారి మూసేసింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి నేజా పటం చూపిన చోట పైనుంచి బోరు మొదలుపెట్టారు, కిందకి గాలి పంపడానికి. ఏడున్నరకే నలభై అయిదు మీటర్లు దిగినా రాయే. తొమ్మిది నలభైకి అతని ఆఖరి మాట. డిసెంబరులో నీళ్ళు తగ్గాక లోపలికి వెళ్ళి శవాన్ని తెచ్చినవాళ్ళు కొలిచారు. హాలు బోరుకి దక్షిణంగా అరవై నాలుగు మీటర్ల దూరంలో ఉంది.

"నువ్వు తిప్పావా?"

"తిప్పాననే గుర్తు. నోటుపుస్తకంలో టిక్కు కూడా పెట్టాను. కానీ ముప్పై గంటల నుంచి నిద్ర లేదు. ఆఖరికి కంప్యూటర్‌లో ఉన్న బొమ్మ తిప్పని బొమ్మే. నేను మర్చిపోయి టిక్కు పెట్టుంటాను." ఆమె మొదటిసారి తలెత్తింది. "నన్ను వదిలి లేనార్ట్ నార్వే పోతున్నాడు కాబట్టి కావాలనే చేశానంటున్నారు కారులో ఉన్న ఆయన. పోనివ్వండి. ఏదో ఒకటి రాసుకోనివ్వండి."

మార్యెతా లేచి ఫోను దగ్గరికి వెళ్ళింది. దాని పక్కన మేకుకి పురికొసతో కట్టిన పుస్తకం వేలాడుతోంది. ఫోను కాపలా ఉన్న మనిషి లేనార్ట్ మాట్లాడిన ప్రతిసారీ టైము రాసిన పుస్తకం. గొరాజ్ద్ ఫైలులో దాని నకలు ఉంది. నకలులో పదో తారీఖు మధ్యాహ్నం రెండూ పదికీ మూడూ ఇరవైకీ మధ్య ఏమీ లేదు. అసలు పుస్తకంలో ఉంది.

'14:40. నేజా. ఇంటి మాటలు. నేను బయట నిలబడ్డాను. 15:05 ముగిసింది.'

"ఈ వరస నకలులో ఎందుకు లేదు?"

"ఇంటివాళ్ళు మాట్లాడుకునేటప్పుడు కాపలావాళ్ళు గది బయటికి పోతారు. పై అధికారులకి పంపే కాగితంలో ఆ మాటలు ఎక్కించరు. అది మర్యాద." నేజా తలుపు వైపు చూసింది. "తలుపు దగ్గరే నిలబడి సిగరెట్లు కాల్చాడు, పాపం. వెనక్కి తిరిగి కూడా చూడలేదు."

"ఏం మాట్లాడుకున్నారు?"

నేజా చల్లారిన టీ బల్లమీద పెట్టింది.

"నార్వే పోనన్నాడు," అంది చివరికి. "రంధ్రం పడగానే మొదట మా అమ్మ చేసిన పొతిత్సా రొట్టె పంపమన్నాడు. వాల్‌నట్లు ఎక్కువ వేసింది. నేను సరేనన్నాను."

మార్యెతా కిటికీ వైపు తిరిగింది. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున భర్త పావెల్ పరీక్షలకని ఆసుపత్రికి బయలుదేరాడు. ఆమె ఫైలులోంచి తలెత్తకుండా "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అంది. ఆయన వేసి వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. ఈ పిల్లకి కనీసం పాతిక నిమిషాలు దొరికాయి. వాటిని కూడా తన నేరంలో కలిపేసుకుంటోంది.

*

గొరాజ్ద్ కారు అద్దం దించాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, బురదలోకి కూడా మెరిసే బూట్లతో వస్తాడు.

"ఏమండీ మార్యెతా గారూ, మీ రిటైర్మెంటు కేకు కోసేలోపు ఇంకో హంతకుణ్ణి పుట్టిస్తున్నారా?"

"నీ ఫైలు పందొమ్మిదో పేజీ తియ్యి. నమూనా బొమ్మ ఆఖరిసారి ఎప్పుడు మారింది?"

అతను తీయకుండానే చెప్పాడు. "పదో తారీఖు మధ్యాహ్నం రెండూ యాభై రెండు. రోడ్డు మీద పెట్టిన వ్యానులో కంప్యూటర్. మారింది. అంటే ఆవిడ వేలు పెట్టింది."

"రెండూ నలభై నుంచి మూడూ అయిదు దాకా ఆవిడ ఫోనులో ఉంది. ఇక్కణ్ణించి వ్యాను రెండువందల అడుగులు. తలుపు దగ్గర మనిషి."

ఆమె ఫొటో తీసి తెచ్చిన పుస్తకంలోని వరస గొరాజ్ద్ చదివాడు. ముఖంలో ఏదో కదిలి సర్దుకుంది. "కంప్యూటర్ గడియారం తప్పయి ఉండొచ్చు."

"అదే కంప్యూటర్ పటం పంపిన టైమూ, బోరు దగ్గర ద్రాగో వైర్‌లెస్‌లో అందిందని రాసుకున్న టైమూ నిమిషం తేడా లేదు. చూసుకున్నాను."

"నాకు తెలిసినంతలో, వదిలేసి పోతున్న మగాడి చావులో పదికి ఎనిమిదిసార్లు ఆ ఆడదే..."

"అదీ నీ నమూనా బొమ్మ!" మార్యెతా గొంతు పెరిగింది. "నీ దగ్గర నాలుగు నిజాలున్నాయి. పోట్లాట నిజం. నార్వే టిక్కెట్టు నిజం. పటం తప్పవడం నిజం. మనిషి పోవడం నిజం. మధ్యలో ఖాళీలన్నీ నీకు అలవాటైన బొమ్మతో నింపేశావు. నీ నిజాల దగ్గర అన్నీ సరిపోతాయి, నాయనా. అందుకే నీకు అనుమానం రాదు."

"మరి మీ బొమ్మ ఏదండీ?"

"నాకింకా దొరకలేదు. ద్రాగోతో పైకి వెళ్ళొస్తా."

"నాలుగింటికి సంతకం," అన్నాడు గొరాజ్ద్. అద్దం పైకి లేచింది.

వాన పొద్దుటినుంచి ఆగలేదు. గుహ వాకిట్లోంచి నదిలోకి దిగే రాతిమెట్లలో నీళ్ళు కిందినుంచి మొదటి మెట్టు తడుపుతున్నాయి. మార్యెతా ఆ మెట్టు కేసి రెండుసార్లు చూసింది. నీళ్ళంటే ఆమెకి ఎప్పుడూ భయమే.

*

పైన పచ్చిక బయలు. రెండు నెలలుగా కప్పుకున్న మంచు ఈ నాలుగు రోజుల్లోనే కరిగిపోయింది. బోరు యంత్రం నడిపిన ద్రాగో మూత వేసిన బోరు పక్కన నిలబడి టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"ఇక్కడికి రావాలంటే కాళ్ళు రావట్లేదండీ. ఆ రాత్రి నేను రాయిని తిట్టినన్ని తిట్లు మనిషిని తిట్టలేదు."

"ఈ బూడిదరంగు ఏమిటి?"

"బోరులోంచి వచ్చిన రాతిబురద. తొట్టి పగిలి పల్లానికి పోయింది. సాయంత్రం ఆరూ పదిహేనుకి. నా రోజుపుస్తకంలో ఉంది. తర్వాత రాత్రి మంచు పడింది, ఇదుగో ఇప్పుడు తేలింది."

బురద దక్షిణంగా నాలికలా సాగి గడ్డి మీద గట్టిపడి ఉంది. మార్యెతా గొడుగు పట్టుకుని దాని అంచునే అడుగులు లెక్కపెడుతూ దిగింది. తొంభై నాలుగో అడుగు దగ్గర ఆగింది. గడ్డిలో జానెడు పొడవున, బీచ్ చెట్టు చెక్కతో చేసిన మేకు నిలబడి ఉంది, ఎర్ర రంగు వేసిన తలతో.

"కొలతలవాళ్ళ మేకు," అన్నాడు ద్రాగో. "డిసెంబరులో కొలిచారుగా, అప్పుడు కొట్టుంటారు."

మార్యెతా వానలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. బురద మేకు చుట్టూ గాజులా కట్టుకుని, ఎక్కడా పగలకుండా ఎండి ఉంది. పల్లం వైపు ఒక పలచటి తోక. పారే బురదకి అడ్డం తగిలితే అలాగే అవుతుంది. ఫొటోలు తీసింది. ద్రాగోని సాక్షిగా నిలబెట్టి మేకుని నెమ్మదిగా పైకి లాగింది. కింద రంధ్రంలో నల్లమట్టి. ఒక్క రవ్వ బూడిదరంగు లేదు.

"డిసెంబరులో కొట్టుంటే ఎండిన బురదని పగలగొట్టుకుని దిగాలి. పెళ్ళలు లోపల పడాలి," అందామె. "ఇది బురద వచ్చేసరికే ఇక్కడుంది, ద్రాగో."

ద్రాగో బోరు వైపు చూశాడు. మేకున్న చోటు చూశాడు. ముఖం తెల్లబోయింది. "అంటే ఆ సాయంత్రం ఆరూ పదిహేనుకి ముందే... ఎవరికో తెలుసా?"

"ఆరింటికి చెప్పుంటే?"

"యంత్రం కదపడానికి అరగంట. ఇక్కడ ముప్పై ఎనిమిది మీటర్లే. మూడు గంటలు." అతని పెదాలు కదిలాయి. "తొమ్మిదిన్నర."

ఆఖరి మాట తొమ్మిది నలభైకి.

మార్యెతా మేకుని సంచిలో వేసుకుని, చోటు తప్పిపోకుండా ఆ రంధ్రంలో తన ఎర్ర గొడుగు గుచ్చింది. తడుస్తూనే కిందికి దిగింది. రాతిమెట్ల దగ్గర నీళ్ళు రెండో మెట్టు దాటాయి.

*

గదిలో గొరాజ్ద్ కలం తీసి నేజా ముందు పెట్టాడు. మూడున్నర.

"ఇంకా అరగంట ఉంది," అంది మార్యెతా. సంచి బల్లమీద పెట్టింది. చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పింది. బోరు, బురద, టైము, రంధ్రంలో నల్లమట్టి.

గొరాజ్ద్ ఈసారి వెక్కిరించలేదు. సంచిలోంచే మేకుని తిప్పి తిప్పి చూశాడు. "ఎవరైనా కొట్టుండొచ్చు. వాళ్ళ సంస్థలో ఇలాంటివి వందలుంటాయి."

"లేవు," అంది నేజా.

ఆమె మేకు తల కేసి చూస్తోంది. ఎర్ర రంగు మధ్యలో చిన్న ఇత్తడి మేకు, సరిగ్గా నడిబొడ్డున.

"చోటు ఎక్కడో ఉపగ్రహమే చెబుతుంటే ఇత్తడి మేకెందుకని మేమంతా నవ్వేవాళ్ళం. చెక్క మేకు వెడల్పు రెండు వేళ్ళు, నిజం వెడల్పు మేకు మొన అంత, అనేవారు." ఆమె మాటలు ఒక్కొక్కటే పడుతున్నాయి. "అలా కొట్టేది ఒక్కరే."

"మీ మాస్టారు ఎప్పుడు బయటికెళ్ళాడు?" అంది మార్యెతా.

"ఒంటిగంటకి ముందే."

మార్యెతా గోడ వైపు చూసింది. వరసగా హెల్మెట్లు తగిలించిన కొక్కేల్లో ఒకటి ఖాళీ.

అప్పుడు ఫోను మోగింది.

గొరాజ్ద్ ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు. మోగేది జేబులోది కాదు. గోడమీది పాత ఫోను. గుహ లోపలి నుంచి ఎవరో చేతిపిడి తిప్పుతున్నారు. లేనార్ట్ ఆఖరిసారి తిప్పిన చేతిపిడే అది. నేజా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మార్యెతా ఫోను గొట్టం ఎత్తింది. ఆ గొట్టంలో గొంతు గదంతా వినబడుతుంది.

"ఇన్‌స్పెక్టర్ గారా? త్సిరిల్ని. అబ్బాయి కూర్చున్న చోటే కూర్చున్నాను. కాగితం కలం దగ్గర పెట్టుకోండి." ఊపిరి బరువుగా ఉంది. "పిల్ల తప్పు చెయ్యలేదు. అది ఒకసారి తిప్పింది. సరిగ్గా తిప్పిన బొమ్మ తెరమీద తలకిందులుగానే కనపడుతుందండీ. నేను వ్యానులోకి వెళ్ళి చూశాను. నిద్ర లేదు కదా, పాపం మర్చిపోయింది అనుకున్నాను. నేను రెండోసారి తిప్పాను."

గొరాజ్ద్ బల్లమీది కాగితాన్ని నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది మార్యెతా.

"ఐదున్నరకి. దాని నోటుపుస్తకంలో టిక్కు చూశాను. మళ్ళీ లెక్క వేశాను. దక్షిణానికి నడిచి మేకు కొట్టాను. చెబుదామనే యంత్రం దగ్గరికి వెళ్ళాను. నలభై మంది ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. ఒకళ్ళిద్దరు టోపీలు కూడా తీశారు. నోరు రాలేదు. ఇంకో అయిదు మీటర్లకి తగులుతుందేమో అనుకున్నాను. ప్రతి అయిదు మీటర్లకీ అలాగే అనుకున్నాను. దాన్ని రోజూ కారులో తిప్పుతూ కూడా చెప్పలేకపోయాను. ఇక్కడైతే చెప్పగలను అనిపించింది."

"బయటికి రండి. మిగతాది ఇక్కడ చెబుదురుగాని."

"వెనక దారి మూసుకుపోయిందండీ. అరగంటయింది. మూడో మెట్టు ఎక్కి ఉంటుంది, చూడండి."

గొరాజ్ద్ తలుపు తీసి వానలోకి పరిగెత్తాడు. నిమిషంలో తిరిగొచ్చాడు, మెరిసే బూట్లనిండా బురద. "మూడో మెట్టు మునిగింది," అని సొంత ఫోను తీసి రక్షణ దళానికి కలిపాడు. మాట తడబడుతోంది. "యంత్రం కావాలి... అవును, మనిషి లోపల... ఎక్కడ తవ్వాలా?" మార్యెతా కేసి చూశాడు.

"పైన పచ్చికలో ఎర్ర గొడుగు ఉంది," అంది మార్యెతా. "దాని కిందే. ముప్పై ఎనిమిది మీటర్లు. ద్రాగోకి చెప్పు, ఈసారి ఏ పటమూ అక్కర్లేదని."

గొట్టంలో ముసలాయన వింటూనే ఉన్నాడు. "వద్దండీ. చెప్పవలసింది చెప్పేశాను. ఇక పెట్టేస్తాను. నేజాకి..."

నేజా లేచింది. మార్యెతా చేతిలోంచి గొట్టం లాక్కుంది. ఆమె శాపనార్థాలు పెడుతుందనుకుంది మార్యెతా. పెట్టడానికి అన్ని హక్కులూ ఉన్నాయి.

"మాస్టారూ, ఫోను పెట్టారంటే చూడండి." ముఖమంతా తడి, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "మిమ్మల్ని క్షమించలేదు. క్షమిస్తానో లేదో నాకే తెలీదు. పైకొచ్చి నా ముఖం చూసి చెప్పాలి మీరు. ఈ తీగ పట్టుకుని ఒకణ్ణి పోగొట్టుకున్నాను. ఇంకోళ్ళని పోగొట్టుకోను. మెల్లగా ఊపిరి తియ్యండి. దీపం ఆర్పేసుకోండి. తలనొప్పిగా ఉందా?"

అవతల నీళ్ళ చప్పుడొక్కటే.

"కొంచెం," అన్నాడు త్సిరిల్.

"ఎప్పటినుంచి?"

నేజా భుజంతో గొట్టం నొక్కిపట్టి, పురికొసకి వేలాడే పుస్తకం ముందుకు లాక్కుంది. మార్యెతా తన కలం మూత తీసి అందించింది. తొమ్మిది నలభై వరస కింద రెండు నెలలుగా ఖాళీగా ఉన్న చోట నేజా టైము వేసింది. 15:41. మాస్టారు. తలనొప్పి మొదలైంది.

గొరాజ్ద్ తన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా అన్నాడు. "యంత్రం వస్తోంది. రోడ్డు మీద నీళ్ళు, గంట పడుతుందిట. తర్వాత మూడు గంటలు."

లేనార్ట్‌కి గాలి ముప్పై ఆరు గంటలు సరిపోయింది. ఆ హాలులో నీళ్ళు ఎంత ఎత్తు లేస్తే ఎంత గాలి మిగులుతుందో ఎవరికీ తెలియదు. నేజా అది విని కూడా తలెత్తలేదు.

"మాట్లాడండి మాస్టారూ. ఏదైనా చెప్పండి. నేను మొదటిసారి బొమ్మ తిప్పడం మర్చిపోయిన రోజు మీరు నన్నేమని తిట్టారో చెప్పండి."

మార్యెతా తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. ఇంటివాళ్ళు మాట్లాడుకునేటప్పుడు బయట నిలబడటం ఇక్కడి మర్యాద. గొరాజ్ద్ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఎదురుగా నీళ్ళు నాలుగో మెట్టు అంచు తాకుతున్నాయి.